పసుపు తేలేదాకా

రంగు తొట్ల దగ్గరికి ఇక పోవద్దని ఛాతీ డాక్టరు చెప్పిన నాటి నుంచి పండరికి ఇంట్లో కాలు నిలవడం లేదు. ముప్పై ఏళ్ళు వరంగల్ కాశిబుగ్గలో జంపఖానాల నూలుకు రంగు వేసిన మనిషి. మరిగే తొట్టిలో నూలు ముంచి, తిప్పి, పైకి తీసి, వెలుతురులో ఒక్కసారి చూసి ‘ఇంకో రెండు నిమిషాలు’ అనేవాడు. ఆ మాటను ఎవరూ కాదన్నది లేదు. పాత జంపఖానాకు జత కావాలని ఎవరైనా ముక్క పట్టుకొస్తే, చేనేత సంఘం వాళ్ళు నేరుగా పండరి దగ్గరికే పంపేవారు. ఆ ఆవిర్లన్నీ ఊపిరితిత్తుల్లోకి దిగి, ఇప్పుడు పది మెట్లెక్కితే చాలు, రొమ్ము పిల్లికూతలు కూస్తోంది.

పొద్దున్నే లేచి వాకిట్లోకి పోతాడు. మళ్ళీ లోపలికి వస్తాడు. గోడ మీది క్యాలెండరు సరిచేస్తాడు. చెప్పులు తొడుక్కుంటాడు, ఎక్కడికో గుర్తుకు రాక విప్పేస్తాడు. ముందు గదిలో రాట్నం మీద కండెలు చుట్టే సరోజనకు అది చూసి చూసి విసుగు పుట్టింది.

"జర ఒక్క తాన కూసోరాదు. నువ్వు గిట్ల తిరుగుతాంటె నాకు పోగు తెగుతాంది."

"కూసుండి ఏం జెయ్యాలె?" అన్నాడు పండరి. ఆమె తెగిన పోగు ముడేసుకుంది.

ఆ నెల హనుమకొండలో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, పేరు పిలిచేదాకా కూర్చోలేక లేచి తిరుగుతూ, మూలనున్న గాజు తొట్టి ముందు ఆగాడు. లోపల తెల్ల చారల నారింజ రంగు చేపలు రెండు రాళ్ళ మధ్య నుంచి వస్తూ పోతూ ఉన్నాయి. పండరి వంగి చూశాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని నారింజలు తీశాడో లెక్కలేదు. ఈ నారింజ మాత్రం అతని తొట్టిలో ఎన్నడూ దిగలేదు.

పక్కనే ఒక మనిషి గొట్టంతో బక్కెట్లోకి నీళ్ళు లాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు భానుచందర్. ఊళ్ళో ఇలాంటి తొట్లు ఎవరు పెట్టుకున్నా వారం వారం వచ్చి శుభ్రం చేసేది అతనే.

"గివి ఉప్పు నీళ్ళా?" అడిగాడు పండరి.

"ఔ కాకా. సముద్రం నీళ్ళ లెక్కనే ఇక్కడ కలుపుతం. మంచినీళ్ళల్ల గీ చాపలు బతకయ్."

"ఉప్పు నాకు తెల్వనిదా? రంగు పట్టాల్నంటే బస్తాలకు బస్తాలు కరిగిచ్చిన."

"గా ఉప్పు కాదు. దీనికి వేరే ఉంటది."

"ఇంట్ల పెట్టుకోవాల్నంటే?"

భానుచందర్ అతన్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. "అందరు అడుగుతరు కాకా. నీళ్ళు పోసినంక ఆరు వారాలు చాప లేకుండ ఉండాలె అంటే ఒక్కలు ఉండరు."

"నేనుంట," అన్నాడు పండరి.

నవంబరు మొదట్లో తొట్టి వచ్చింది. రెండున్నర అడుగుల గాజు పెట్టె. ముందు గదిలో రాట్నానికి ఎదురుగా బల్ల మీద నిలబెట్టారు. పండరి ఆర్వో ప్లాంటు నుంచి డబ్బాల్లో నీళ్ళు తెచ్చి, భానుచందర్ ఇచ్చిన ఉప్పు బక్కెట్లో కలిపాడు. నాలుక మీద ఒక చుక్క వేసుకుని సరిపోయిందన్నాడు. కొలిచే గొట్టం పెట్టి చూస్తే నిజంగానే సరిపోయింది. అడుగున తెల్ల ఇసుక, దాని మీద చిల్లుల రాళ్ళు, వెనక ఒక మోటరు. కాసింత చేప మేత నీళ్ళలో వేసి వదిలేయమన్నాడు భానుచందర్.

"గది మురుగుతది. మురిగితే నీళ్ళల్ల అమ్మోనియా అనే విషం పుడతది. గా విషాన్ని తినే సూక్ష్మజీవులు మెల్లగ రాళ్ళ మీద పుడతయ్. అవి మన కండ్లకు కనవడయ్ కాకా. పుట్టినయా లేదా అనేది గీ చుక్కల మందు చెప్తది. చిన్న సీసాల నీళ్ళు తీసి చుక్కలెయ్యి. ఆకుపచ్చ తేలితే విషమున్నట్టు. పసుపు తేలేదాకా చాప మాట ఎత్తకు."

బీఎస్సీ చదివే కూతురు మానస రోజూ ఆ లెక్క ఫోనులో రాసేది. సీసాను అంకెలేసిన రంగుల అట్ట పక్కన పెట్టి ఎంత చూసినా ఆమెకు అన్నీ ఒకేలా కనిపించేవి. పండరి కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఒక్క చూపు చూసేవాడు.

"గిది మొన్నటి పచ్చ కాదు బిడ్డా. మొన్న చిలకాకుపచ్చ. ఇయ్యాల మామిడి పిందె. కొద్దిగ దిగింది."

చూడడం అతనికి సులువే. ఆగడమే చేతకాలేదు. రోజుకు నాలుగుసార్లు పరీక్ష చేసేవాడు. రాళ్ళు బాగా లేవని మార్చేవాడు, మార్చినవి నచ్చక మళ్ళీ పాత చోటే పెట్టేవాడు. నీళ్ళు కలకబారేవి. మోటరు చప్పుడు చేస్తోందని విప్పి బిగించేవాడు. ఫోనులో భానుచందర్ ఒకటే మాట అనేవాడు: "చెయ్యి పెట్టకు కాకా."

పక్కింటి కట్టయ్య ఒక సాయంత్రం వచ్చి, తొట్టికి అటూ ఇటూ చూసి, "ఏంది పండరీ, నీళ్ళు పెంచుతానవా?" అన్నాడు. సరోజన నవ్వింది. పండరి కూడా నవ్వాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు.

మూడో వారం గురువారం, చెల్లె ఇంటికి పోతున్నానని చెప్పి పొద్దున్నే రైలెక్కాడు. సికింద్రాబాదులో దిగి అడుగుతూ అడుగుతూ చేపల దుకాణం పట్టుకున్నాడు. దుకాణదారు నారింజ చేపలు చూపించే ముందు అడిగాడు.

"ట్యాంకు పెట్టి ఎన్ని రోజులైంది?"

"రెండు నెలలు."

"అమ్మోనియా ఎంతుంది?"

"సున్న."

అంత సాఫీగా అబద్ధం నోట్లోంచి వచ్చినందుకు పండరికే ఆశ్చర్యం వేసింది. తిరుగు రైల్లో రెండు చేపలున్న థర్మకోల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండున్నర గంటలు కదలకుండా కూర్చున్నాడు. డాక్టరు మాట విన్న తర్వాత అతను అంతసేపు ఒకచోట కూర్చోవడం అదే మొదలు.

ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. చేపలు నీళ్ళలోకి దిగి, కొద్దిసేపు రాళ్ళ వెనక నక్కి, తర్వాత ఒకదాని వెంట ఒకటి తిరగడం మొదలుపెట్టాక సరోజన రాట్నం ఆపి చూసింది. "ముద్దుగున్నయ్," అన్నది. మానస అనుమానంగా, "ఆరు వారాలన్నడు గద భానన్న," అంది. "మన నీళ్ళు జల్ది తయారైనయ్," అన్నాడు పండరి.

మూడో రోజు పొద్దున చిన్న సీసాలో చుక్కలు వేసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఐదు నిమిషాలు ఆగాల్సిన పని లేకపోయింది. రెండో నిమిషానికే పచ్చ తేలింది. మామిడి పిందె కాదు, ముదురాకు.

లోపలి గదిలోంచి మానస అడిగింది. "ఎంత బాపూ?"

పండరి సీసా వంక చూశాడు. వెలుతురు బాగానే ఉంది. కళ్ళూ బాగానే ఉన్నాయి.

"పసుపే బిడ్డా. సున్న అని రాసుకో."

బయటికి పోయి సీసా మట్టిలో కుమ్మరించాడు. ఒక డబ్బా నీళ్ళు మారిస్తే అదే సర్దుకుంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. రెండు బక్కెట్లలో ఉప్పు కలిపి పెట్టి, ఒకటి పోశాడు. ఆ రోజంతా తొట్టి ఉన్న గదిలోకి పోకుండా వాకిట్లోనే తిరిగాడు.

మర్నాడు పొద్దున చిన్న చేప ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. పెద్దది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. దాని మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో చూసి పండరికి తన రొమ్మే పట్టేసినట్టయింది. భానుచందర్‌కు ఫోను చేశాడు.

"చాప ఏంది? చాప యాడిది?" అన్నాడతను.

"తెచ్చిన."

"మూతున్న డబ్బాల ఏసుకొని నీ డాక్టరు దవాఖానకు రా. తొట్టి నీళ్ళు వద్దు, బక్కెట్ల కలిపినయి పొయ్యి. నేనొస్తాన."

ఆటోలో డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆటో ముందుకు కదలకపోతే తను కదిలాడు. దిగి నడుస్తానన్నాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ దిగబోయాడు. "నువ్వు దిగితె చాప పరుగు పెడ్తదా పెద్దమనిషీ?" అన్నాడు డ్రైవరు. క్లినిక్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి పండరికి ఊపిరి అందడం లేదు. కౌంటరు దగ్గరి పిల్ల లేచి నిలబడింది.

"కూసో అంకుల్, కూసో. సారుకు చెప్త."

"నాకు కాదమ్మా," అన్నాడు పండరి డబ్బా ముందుకు చాపి. "దీనికి."

భానుచందర్ ఏమీ అడగకుండా చేపను వేరే బక్కెట్లోకి మార్చి, క్లినిక్ తొట్టి నీళ్ళు సన్న గొట్టంతో చుక్క చుక్కగా దిగేట్టు పెట్టాడు. ఆ పనంతా అయ్యాక గానీ తలెత్తలేదు.

"రెండోది?"

పండరి తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ళు చూసినవా, చూడలేదా?"

"చూసిన. ఆకుపచ్చనే ఉండె. నిన్ననే కనవడ్డది. నా బిడ్డకు పసుపని చెప్పిన."

"తెల్వక చేస్తే ఏమనకపోదును కాకా," అన్నాడు భానుచందర్ చేతులు తుడుచుకుంటూ. "నీకు తెలుసు. బతికితే ఇది ఇక్కడనే ఉంటది. నీ ఇంటికి పంప."

ఇంటికి వచ్చేసరికి సరోజన చిన్న చేపను కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఆ మాట ఒక్కటే చెప్పి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. పండరి కూతురి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నిన్నటిది కొట్టెయ్ మానసా. పసుపు కాదు. రెండు దాటింది."

మానస ఫోను తీసి అంకె మార్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "నీకు కనవళ్ళేదా బాపూ?"

"కనవడ్డది."

మానస ఫోను బల్ల మీద బోర్లించి లోపలి గదిలోకి పోయింది. ఏదైనా అంటే బాగుండునని పండరికి అనిపించింది.

ఖాళీ తొట్టి మళ్ళీ మొదటికి వచ్చింది. రోజుకు ఒక్కసారే పరీక్ష. సీసాను మానస చేతికే ఇచ్చి, రంగు పేరు చెప్పి, అట్ట మీద వేలు పెట్టి చూపించేవాడు. మిగతా పొద్దంతా కాళ్ళు ఊరుకోక రోజు విడిచి రోజు బస్సెక్కి హనుమకొండ పోయేవాడు. బక్కెట్లోని చేప వారానికి తిండి ముట్టింది. తర్వాత క్లినిక్ తొట్టిలోకి మారింది. భానుచందర్ ఉన్నా పెద్దగా మాట్లాడేవాడు కాదు. పండరి బక్కెట్లు అందించి వచ్చేవాడు.

అలా పోయిన ఒక రోజు భానుచందర్ రెండో రకం చుక్కల మందు వేసిన సీసాను అట్టకు ఆనించి చాలాసేపు చూస్తున్నాడు. సూక్ష్మజీవులు మొదటి విషాన్ని తిన్నాక మిగిలే రెండో విషానికి పరీక్ష అది. లేతనీలం అయితే మంచిది, ఊదా అయితే ప్రమాదం. అతను పుస్తకంలో లేతనీలం అంకె రాశాడు. వెనక నిలబడ్డ పండరి ఉండబట్టలేక అన్నాడు.

"అది నీలం కాదు భానూ. ఊదా."

భానుచందర్ తల కిందికి దించాడు. ఆ రోజు బక్కెట్లన్నీ కడిగి, కిందికి దిగి, చాయ్ హోటల్ ముందు కూర్చున్నాక చెప్పాడు.

"చిన్నప్పటి సంది గంతే కాకా. గా రెండు రంగులు నాకు ఒక్క తీర్గనే కనవడ్తయ్. ఎవలకు చెప్పలే. చెప్తే ఎవలు పిలుస్తరు?"

"మరి పని ఎట్ల చేస్తానవ్?"

"నీళ్ళు ఎక్కువ మారుస్త. చాప ఎట్ల తిరుగుతాందో చూస్త. అందాజ." చాయ్ గ్లాసు చేతిలో తిప్పాడు. "అందాజ తప్పి కొన్ని పోయినయ్. గందుకే నీ మీద గంత కోపమొచ్చింది. కండ్లుండి గట్ల చేసినవని."

పండరి తన గ్లాసు ముట్టలేదు. చాయ్ చల్లారింది.

"మంగళారం, శుక్రారం నాతోని వస్తవా?" అన్నాడు భానుచందర్. "పదకొండు ట్యాంకులున్నయ్. నువ్వు రంగు చెప్పు, నేను రాస్త."

"డాక్టరు మందుల వాసన వద్దన్నడు."

"వాసన ఎక్కువొచ్చేవి నేను కలుపుత. నువ్వు దూరం నుంచి చూడు."

ఆ వారం నుంచి పండరి బండి వెనక కూర్చుని ఊరంతా తిరిగాడు. బడి, ఫంక్షన్ హాలు, పళ్ళ డాక్టరు, రెండు ఇళ్ళు. వెలుతురు ఎటు ఉంటే అటు సీసా పట్టి ఒక్క మాట చెప్పేవాడు. నాలుగో శుక్రవారం ఒక బట్టల షోరూములో కొత్తగా పెట్టిన తొట్టికి ఆకుపచ్చ తేలింది. యజమాని సత్యనారాయణ దగ్గరికి వచ్చాడు.

"సున్న అని రాయండి. రేపు పై అంతస్తు ఓపెనింగు. హైదరాబాదు నుంచి చాపలు బయల్దేరినయ్."

భానుచందర్ పెన్ను పట్టుకుని పండరి వంక చూశాడు.

"ఆకుపచ్చుంది సేటూ," అన్నాడు పండరి. "ఇప్పుడేస్తే ఎల్లుండికి ఉండయ్."

"నేను చూస్తె పసుపే కనవడ్తాంది."

"నాకు కనవడ్తలేదు."

ఇక రావద్దన్నాడు సత్యనారాయణ. బక్కెట్లు తీసుకుని మెట్లు దిగేటప్పుడు పండరి రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఇగ పది ట్యాంకులే," అన్నాడు భానుచందర్ బండి తీస్తూ. గొంతులో కోపం లేదు. పండరి మాత్రం ములుగు రోడ్డు దాటేదాకా వెనక సీటు మీద సర్దుకుంటూనే ఉన్నాడు. తన మాట వల్ల ఒకడి పని పోయిందన్నది లోపల మెదులుతూనే ఉంది.

జనవరిలో ఇంటి తొట్టిలో పసుపు తేలింది. మరునాడూ తేలింది. రెండో సీసాలో లేతనీలం నిలిచింది. పది రోజులు వరసగా మానస సున్నలు రాసింది. భానుచందర్ చూడడానికి ఇంటికే వచ్చాడు.

"రంగేంది కాకా?"

"పసుపు."

"ఖాయమా?"

"ఖాయం. ఐనా ఇంకో వారం ఆగుదాం."

ఆ ఆదివారం గాక పై ఆదివారం మధ్యాహ్నం చేప వచ్చింది. భానుచందర్ దాన్ని నెమ్మదిగా వదిలాడు. అది వెంటనే మోటరు వెనకకు పోయి కనిపించకుండా నిలబడింది. అరగంట గడిచినా బయటికి రాలేదు. పండరి మేత చిటికెడు వేసి, నిలబడలేక వాకిట్లోకి వచ్చాడు. వీధిలో ఎవరో నూలు ఆరబోస్తున్నారు. ఆ ఎరుపులో కొంచెం నీలం ఎక్కువ పడిందని చూడగానే తెలిసింది. చెబుదామా వద్దా అని గడప దగ్గరే అటూ ఇటూ నడిచాడు.

"తింటాంది," అన్నది సరోజన లోపలి నుంచి.

పండరి లోపలికి పోలేదు. ఎరుపు నూలు ఆరబోసే మనిషి దగ్గరికి నడిచాడు.