గ్యారంటీ కాగితం, బుడ్డల నూనె

కుట్టుమిషను కొన్న రోజు కర్నూలు నుంచి కోయిలకుంట్లకు బస్సులో వస్తూ దారి పొడుగునా నా భార్య నాగేంద్రమ్మను తిట్టాను. అది 1955. కోయిలకుంట్లలో కిరాణా అంగడి నడిపేవాణ్ణి. బేరం సంగతి నాకు తెలియనిది ఆమెకేం తెలుసని నా మంట.

జరిగింది ఇదీ. మొదటి ఏడాది గ్యారంటీ ఊరికే ఇస్తామనీ, ఇంకో ముప్పై రూపాయలు కడితే మూడేళ్లు పొడిగిస్తామనీ షాపు యజమాని ఒక మందపాటి కాగితం చూపించాడు. దాని మీద గుండ్రటి ఎర్రముద్ర. నేను అప్పుడే జేబులో చెయ్యి పెట్టాను. నాగేంద్రమ్మ అడ్డం వచ్చింది.

"ఈ కాయితం మాకొద్దన్నా. చెడిపోతే యాభై మైళ్లు దీన్ని ఒళ్లో పెట్టుకోని మేమే గదా రావాల. ఈ పూటకు మీ మెకానిక్కు పక్కన నన్ను కూచోనీ, చాలు."

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. మధ్యాహ్నమంతా ఆమె మిషను విప్పడం, బిగించడం నేర్చుకుంటుంటే నేను బయట బల్ల మీద కూర్చుని తువ్వాలుతో విసురుకున్నాను.

మిషను వచ్చింది ఆమె గాజులు అమ్మిన డబ్బుతో. అందుకే మా అమ్మ సిద్దమ్మ షరతు పెట్టింది: అది మూలబడిన రోజే అమ్మేసి, మళ్లీ గాజులు చేయించాలి.

రెండో ఏడు ఎండాకాలంలో రెడ్డిగారింటి పెళ్లికి ముప్పై రవికలు ఒప్పుకున్నాం. మిషను నూనె అయిపోయింది. తలకూ, దీపానికీ, తలుపు బందులకూ మా ఊళ్లో బుడ్డల నూనే, అదే వేరుశనగ నూనే. అంగట్లో డబ్బాలకు డబ్బాలు పెట్టుకుని ఇంకో నూనె కొనడమేమిటని నేనే పోశాను. కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత ఆ నూనె బంకలా పేరుకుపోయి, పెళ్లి నాలుగు రోజులుందనగా చక్రం కదలలేదు.

దర్జీ తిమ్మయ్య మిషను కూడా ఆ వారమే బిగుసుకుంది. అతను నా సలహా విని ముప్పై రూపాయల కాగితం కొన్నవాడు. నూనె కూడా నా అంగట్లోదే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిషను ఎత్తుకుని దర్జాగా కర్నూలు బస్సెక్కాడు.

మా అమ్మ అమ్మకం మాటెత్తింది.

"పొద్దు గూకేదాకా ఓపిక పట్టు అత్తా," అంది నాగేంద్రమ్మ.

తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆమె కిరసనాయిలు తెమ్మంది. ఒక్కొక్క ముక్కా విప్పి, విప్పిన వరసలోనే ఇత్తడి తాంబాళంలో పేర్చింది. కోడి ఈకతో కిరసనాయిలు పూసి కడిగి, పాత గుడ్డతో తుడిచింది. అంతా బిగించాక తాంబాళంలో ఒక మరమేకు మిగిలింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆమె మళ్లీ మొదటినుంచి విప్పింది.

ఇంకా వెలుతురుండగానే చక్రం తిరిగింది. ఆ చప్పుడుకు నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, సిగ్గుపడలేదు.

సాయంత్రం బస్సు దిగి తిమ్మయ్య మిషనుతో నేరుగా మా అరుగెక్కాడు. షాపాయన మిషనును వాసన చూసి, కాగితంలో ఆఖరి వరస మీద వేలు పెట్టాడట. వేరే నూనె పోస్తే గ్యారంటీ చెల్లదట.

"నాదీ చూడక్కా," అన్నాడు, తిరుగుతున్న మా మిషను చూసి.

"రేపు పొద్దునకు అయితాదిలే. కూలి ఏమొద్దు, ఆ కాయితం ఈడిచ్చిపో."

మా అమ్మ అంతసేపూ మూలన కూర్చుని చూస్తూనే ఉంది. జన్మలో మిషను కుట్టు రవిక తొడగని మనిషి. లేచి వచ్చి చెయ్యి చాపింది.

"కొలత తీసుకోమ్మే. నాకూ ఒకటి కుట్టు."

నాగేంద్రమ్మ తిమ్మయ్య కాగితాన్ని మా అమ్మ రవిక చేతికి నమూనాగా కత్తిరించింది. చేతి కొలతకు అంత మంచి దళసరి కాగితం మా ఊళ్లో దొరికేది కాదు. ఎర్రముద్ర సరిగ్గా భుజం దగ్గరికి వచ్చింది.

ముప్పై రవికలూ పెళ్లికి ముందురోజే రెడ్డిగారింటికి చేరాయి. ముప్పై ఒకటోది తొడుక్కుని మా అమ్మ ఆ పెళ్లికి వెళ్లింది.