బియ్యం డ్రమ్ములో మాత్రలు

నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి, రక్తం కక్కించి నా భార్య జయమ్మను చంపాయి. ఇందులో వాదన లేదు.

నాలుగేళ్లకు ఆ జాతి మాత్రలే మళ్లీ ఇంట్లోకి వచ్చాయి. నంద్యాలలో కోడలు ప్రవళికకు టాన్సిల్స్ తీశారు. ఆళ్లగడ్డలో మా ఇంటికి తెచ్చిన రోజే కొడుకు చేత డాక్టరమ్మకు ఫోన్ చేయించి నేనే అడిగాను.

"ఇవి మింగితే గొంతులో రక్తం కారదా మేడం?"

"పెద్దవాళ్లలో వీటివల్ల రక్తస్రావం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు పెద్దాయనా. ఆమెకు కడుపులో పుండు లేదు, కిడ్నీలు బాగున్నాయి. ఏదన్నా తిన్నాక, రాసిచ్చినంతే వేయండి. రక్తం పడితే మాత్రం ఆగకుండా వచ్చేయండి."

నేను నమ్మలేదు. కొడుకు డ్యూటీకి పోగానే మాత్రల అట్టను బియ్యం డ్రమ్ములో అడుగుదాకా తోసేశాను. ఎవరికీ దొరకని చోటు అదేననుకున్నాను.

ప్రవళిక ఇల్లంతా వెతికింది. ఉమ్మి మింగలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా మరునాడు పొద్దున పొయ్యి వెలిగించింది. వద్దని నేను అనలేదు.

కాసేపటికి గొంతు పట్టుకొని వచ్చింది. చేతిలో అట్ట. నవ్వుతోంది. నవ్వితే నొప్పి, అయినా ఆగడం లేదు. మాట్లాడలేక కరెంటు బిల్లు వెనక రాసి చూపింది.

"రోజూ రెండు పూటలా నా చెయ్యి పోయేది ఆడికే కదా మామా!"

కింద ఇంకో వరుస రాసింది. "అత్త ఇవి ఎందుకు మింగిందో ఎప్పుడన్నా అడిగినారా?"

అడగనక్కర్లేదు. నాకు తెలుసు. మోకాళ్లు లేవట్లేదని జయమ్మ అంటే, "మాత్ర మింగి లెయ్, కూలోళ్లకు సంగటి కావాల" అన్నది నేను. పదకొండేళ్లు, పరగడుపున. ఏ డాక్టరూ రాయలేదు. అంగట్లో తెచ్చిచ్చింది కూడా నేనే.

"పోయి పండుకోమ్మా. నేను వండుతా" అన్నాను.

ఎసరు ఎంతో తెలియక గిన్నె ఎత్తి చూపాను. మంచం మీది నుంచే వేలి గీతలతో చెప్పింది. జావ చల్లార్చి ఇచ్చాను. తాగి మాత్ర వేసుకుంది. గంటకు మళ్లీ గిన్నె చాపింది. "ఉప్పు మర్చినావు మామా" అని రాసి పకపకా నవ్వింది.

పది రోజులు నేనే వండాను. రక్తం చుక్క పడలేదు. నా వంటకు ఆమె, నా కొడుకు పడీపడీ నవ్వారు. ఆ ఇంట్లో పొద్దుటిపూట ఆడమనిషి కాళ్లు చాపుకొని నవ్వడం అదే మొదలు.

గొంతు బాగయ్యాక ఆమె అడిగిన మొదటి మాట: "అత్త గురించి చెప్పు మామా."

"అడగొద్దు" అన్నాను.

జయమ్మను చంపింది మాత్రలు కాదు. ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇంక ఎవరడిగినా దీనిమీద నోరు తెరవను.