పాదిరి పుస్తకంలో నా పేరు

సముద్రపు ఒడ్డున బడి పెట్టిన తెల్ల పాదిరి మా నాన్నని అడిగింది ఒక్కటే. "ఊరి పెద్దవి నువ్వు. ముందు నీ కూతుర్ని పంపు, తక్కినవాళ్లు నిన్ను చూసి పంపుతారు."

నాన్న సరేనన్నాడు. ఆ మాట విని అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఆ పాలిపోయినవాడి చేతిలో పెడతావా పిల్లని? ఓడెక్కించి అమ్మేస్తే?"

"మాటిచ్చేశానే."

"అయితే అఫివాని పంపు. వాడికి మన పిల్లల మొహాలు తెలిసి ఏడిస్తేగా!"

అఫివా నా ఈడుది. యుద్ధంలో అయినవాళ్లందరూ పోతే మా ఇంట్లో ఊడిగానికి వచ్చిపడింది. ఆ రోజు దానికి తలంటి, నా పూసలు మెళ్లో వేశారు. నాకు ఒకటే నవ్వు.

"ఇక నుంచి నా పేరు నీది, నువ్వే అబ్రావి. పిలిస్తే పలక్కపోయావో, తంతారు."

"మరి నన్ను అఫివా అని ఎవరు పిలుస్తారక్కా?"

"ఎవరికే అంత పని?" అన్నాను.

అది ఏడవలేదు. పాదిరి పుస్తకంలో 'పెద్ద కూతురు అబ్రా' అని రాసుకుని వెంటబెట్టుకుపోయాడు. వారం తిరక్కుండా దాన్ని మర్చిపోయాం. నీళ్ల కుండలు మోయాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను విసుక్కునేదాన్ని.

ఇరవై ఏళ్లు గడిచాయి. కచేరీలో చదువుకున్నవాళ్ల మాటకే విలువ వచ్చింది. మా ఊళ్లోనూ బడి పెట్టారు. నా కూతురు ఎసినామ్‌ని చేర్పించడానికి వెళ్లి, బల్ల వెనక కూర్చున్న పంతులమ్మని చూసి నిలువునా నీరైపోయాను. చెవి కింద ఆ కాలిన మచ్చ, అఫివాకి మా వంటింట్లో పడిందే.

"తల్లి పేరు?" అంది తల ఎత్తకుండా.

నేను ఆ మచ్చనే చూస్తున్నాను.

వెనకాల ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. "సొంత పేరు మర్చిపోయిందే తల్లీ!"

"అబ్రా," అన్నాను.

కలం ఆగింది. తలెత్తి నన్ను చూసింది. మళ్లీ రాసుకుంది.

అందరూ వెళ్లిపోయాక దగ్గరికి వెళ్లాను. "అఫివా, నన్ను..."

"ఆ పేరు మా అమ్మ పెట్టింది. నీ నోట రానివ్వకు," అంది నెమ్మదిగా. "పిల్లని రేపు పొద్దున్నే పంపు. పలక నేనిస్తాను."

తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "అయితే ఏం? నిన్ను కాపాడుకున్నాను కదే," అంది గింజలు చెరుగుతూ. ఆ మాట నాకు వాత పెట్టినట్టయింది.

నెల తర్వాత మొక్కజొన్న పిండితో అక్‌ప్లె ముద్ద చేసి, బెండకాయ పులుసు పోసి ఎసినామ్ ముందు పెట్టాను. అది సంబరంగా అడిగింది, "అమ్మా, మా పంతులమ్మదీ నీ పేరేనట! ఆవిడ మనకి చుట్టమా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. పూసల సంగతి చెప్పాను. నేను నవ్వానని కూడా చెప్పాను.

అది నా మొహంలోకి చూసింది. పళ్లెం పక్కకి జరిపి, చేయి కడుక్కుని బయటికి పోయింది.

తినమని నేను బతిమాలలేదు.