గడప ఇవతల పాఠం

"ఆ మూడు రోజులూ కంప్యూటర్ గదిలోకి రాకండమ్మా. సరస్వతితో సమానం కదండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు, కొత్త మెషీనుకి కుంకుమ బొట్టు పెట్టిన రోజునే.

పిఠాపురంలో ఆ ఆడపిల్లల కాలేజీలో రమాదేవి వృక్షశాస్త్రం చెబుతుంది. అప్పటినుంచి ప్రతి నెలా ఆయా అప్పాయమ్మ చేత "అమ్మగారు ఇవాళ కంప్యూటర్ గదికి రారటండి" అని కబురు పంపాల్సి వచ్చేది. అది వినగానే స్టాఫ్ రూంలో మగ లెక్చరర్లు పేపర్ల వెనక్కి తప్పుకునేవారు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది.

నవ్వొచ్చే సంగతేంటంటే, పిల్లలకి ఆకు పాఠం తెర మీద చూపించడానికి ఆవిడ రాసిన ప్రోగ్రాం పుట్టిందే ఆ మూడు రోజుల్లో. మిగతా రోజులన్నీ పొయ్యి, అంట్లు, అత్తగారి కషాయం, కొట్టు నుంచి వేళ కాని వేళ వచ్చే భర్త భోజనం. "నీ కాలేజీ నా తిండికి అడ్డం రాకపోతే చాలు," అనేవాడు కుక్కుటేశ్వరరావు, పెద్ద వరమిచ్చినట్టు. దేన్నీ ముట్టుకోనివ్వని ఆ రోజుల్లోనే పెరటి వసారాలో చాప మీద ఆవిడకి ఆలోచించుకునే తీరిక దొరికేది. వెలుతురు పెంచితే తెర మీద ఆకు ఏం చేయాలి, నీరు తగ్గిస్తే ఏం చేయాలి అన్నీ అక్కడే కుదిరాయి.

తీరా కాలేజీల ఇన్‌స్పెక్టరు గారు చూడవచ్చేసరికి ఆవిడకి రెండో రోజు. ఆ పాఠాన్ని లెక్కల మాస్టారు కాశీవిశ్వనాథం గారు "మన ప్రోగ్రామండి" అంటూ పిల్లల ముందు ఆయనకి చూపిస్తున్నారు. రమాదేవి కంప్యూటర్ గది గడప ఇవతల నిలబడి చూస్తోంది.

మాస్టారు వెలుతురు పూర్తిగా పెంచారు. నీటి సంగతి మరిచిపోయారు. తెర మీద ఆకుకున్న సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోయి, మొక్క వాడిపోయింది.

"ఇంత వెలుతురుంటే ఎందుకు మూసుకుపోయిందండీ?" అని ఒక పిల్ల అడిగింది.

"ప్రోగ్రాంలో తప్పుందమ్మా. ఇది నేను రాసింది కాదులే, రమాదేవి గారు రాశారు."

తన పేరు అప్పటికి గుర్తొచ్చిందన్నమాట ఆయనకి. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ఆయన లేచేదాకా కుర్చీ పక్కనే నిలబడింది.

"తప్పు కాదమ్మా. నీళ్లు అందనప్పుడు ఆకు ప్రాణం నిలుపుకోవడానికి తలుపులు వేసుకుంటుంది. ఎంత వెలుతురున్నా ఇక తిండి వండదు," అంటూ నీరు పెంచింది. రంధ్రాలు మెల్లగా విచ్చుకున్నాయి.

ప్రిన్సిపాల్ గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అమ్మా, మీరు ఇవాళ..."

"రెండో రోజండి," అంది రమాదేవి, వెనక బెంచీ పిల్లలకి కూడా వినపడేలా. "నేను ముట్టుకున్నాకే ఆకు తెరుచుకుంది."