బస్తా అడుగు

జూన్ నెల పోతున్నా చినుకు పడని ఏడు అది. ఆ ఎండలో మా ఊరి కుక్కలు కూడా నీడ వదిలి బయటికి రావు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్లం మాత్రం వస్తాం. చేతిలో కరపత్రాలు, నెత్తిన చీరకొంగు, సంచిలో నీళ్ల సీసా. ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్లు వెతుక్కుంటూ, మా కాలేజీలో చేరండి తల్లీ, చేరండి నాయనా అని గుమ్మం గుమ్మానికీ బతిమాలతాం. పిల్లలు చాలకపోతే గ్రూపు మూసేస్తారు. గ్రూపు మూస్తే మమ్మల్ని ఎక్కడికో విసిరేస్తారు. నేను కామర్స్ చెబుతాను. పీజీ చదివే రోజుల్లో ఈ ఉద్యోగంలో ఇళ్ల చుట్టూ తిరగడం కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "గవర్నమెంటు కాలేజీనా" అని మూతి విరిచేవాళ్లను చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయినా నవ్వుతాను. ఆ నవ్వుక్కూడా కలిపే జీతమిస్తున్నారని సర్దిచెప్పుకుంటాను.

గోపాలయ్య అంగడికి పోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. అతని కూతురు హరిత అంతకు ముందే ఒకసారి ఒక్కతే మా కాలేజీకి వచ్చింది. అడ్మిషన్ల గదిలో అందరూ పోయేదాకా గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత నా దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అడిగింది.

"మేడమ్, సప్లిమెంటరీలో పాసైనోళ్లకి ఈడ సీటు ఇస్తారా?"

"ఎందుకియ్యం? పాసైనావు కదా."

"అయితే మా నాయనకు మీరే చెప్పల్ల. నేను చెప్తే ఇనడు. చదువు మానేసి అంగట్లో కూచోమంటాండాడు."

ఆన్‌లైన్ దరఖాస్తులకు గడువు దగ్గర పడుతోంది. ఈ ఏడు చేరకపోతే ఆ పిల్ల ఇక చేరదని నాకు తెలుసు. ఒక ఏడాది గల్లాపెట్టె ముందు కూర్చున్న ఆడపిల్లను తిరిగి క్లాసులో నేనెప్పుడూ చూడలేదు.

గోపాలయ్య ఒకప్పుడు వేరుశనగ కాయల వ్యాపారి. వానలు మొహం చాటేసి పంట తగ్గాక బజారు వీధిలో కిరాణా పెట్టుకున్నాడు. పాత అలవాటు మాత్రం పోలేదు. అంగట్లో దేవుడి పటం పక్కనే మేకుకు ఒక ఇనుప గొట్టం వేలాడుతూ ఉంటుంది. బస్తా మూతి విప్పకుండా పక్క నుంచి పొడిచి, అడుగున ఉన్న కాయను బయటికి లాగే గొట్టం అది. ఇప్పుడు వచ్చేది కందిపప్పైనా, శనగలైనా దాంతో పొడిచి చూడందే దించుకోడు.

నేను పోయేసరికి అతను చింతపండు తూస్తున్నాడు. హరిత ఒక పక్కన చక్కెర పొట్లాలు కడుతోంది.

"గోపాలయ్యన్నా, పాపను మా కాలేజీలో చేర్పించల్ల," అన్నాను.

"ఫీజెంత?" త్రాసు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

చెప్పాను. ఏడాదికి రెండు నూనె డబ్బాల ధర కూడా కాదు. పుస్తకాలు లైబ్రరీలో ఇస్తాం. బత్తలపల్లె నుంచి వచ్చే పిల్లలకైతే ఆటో ఖర్చుంటుంది, మీ పాపకు అదీ లేదు, నడిచి రావచ్చు అన్నాను.

"ఎవర్నైనా చేర్చుకుంటారంట గదా."

"ఇంటర్ పాసైతే చాలన్నా."

"అదే చెప్తాండా. చవక. అడిగినోళ్లందరికీ ఉంటాది. అట్లాంటి సరుకు నా అంగట్లో పెడితే ఏమంటావు మేడమ్? పురుగు పట్టిందంటావా, అనవా?" చింతపండు పొట్లం కట్టి పక్కన పెట్టాడు. "అనంతపురం నుంచి ప్రైవేటు కాలేజోళ్లు వచ్చింటిరి. బస్సు పంపిస్తామనిరి, అది చేస్తామనిరి, ఇది చేస్తామనిరి. పాప సప్లిమెంటరీ అని తెల్సినాక ఫోనే ఎత్తల్యా. వాళ్లకి పనికిరాని పిల్ల మీకు పనికొచ్చిందంటే మీదెట్లాంటి కాలేజో నాకు తెల్దా?"

కూతురు అక్కడే ఉందన్న ధ్యాస అతనికి లేదు. హరిత చేతిలో దారం పొట్లం చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు. ఆ దించిన తలను చూశాక నా నవ్వు నాకే బరువైంది.

"అన్నా, ఆ గొట్టం ఎందుకు పెట్టుకున్నావు గోడకి?" అన్నాను.

"సరుకు చూసేదానికి."

"బస్తా పొడవకుండా ఎప్పుడన్నా ధర చెప్పినావా?"

"ఎందుకు చెప్తా?"

"మరి మా కాలేజీ గేటు లోపలికి ఒక్కనాడు కూడా రాకుండా పురుగు పట్టిందని ఎట్ల చెప్తావు?"

అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. లోపలి నుంచి అతని భార్య కన్యకమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. "ఆయమ్మ చెప్పేది నిజమే కదా. ఒకతూరి పోయి చూసొస్తే కాళ్లరిగిపోతాయా," అంది ఎవరి వైపూ చూడకుండా.

"వస్తా," అన్నాడు గోపాలయ్య. "ఏ పొద్దు అని మాత్రం చెప్పను. చెప్పి వస్తే పైన మంచి కాయ పరుస్తారు."

ఆ మాట నాకు గుచ్చుకుంది గాని, నేను చేసింది అదే. ఆ వారమంతా మా టాపర్ నిఖితను ఖాళీ దొరికినప్పుడల్లా ఆఫీసు ముందరే తిరగమన్నాను. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోల బోర్డును తడిగుడ్డతో తుడిపించాను. మా ఎకనామిక్స్ కేశవ ఫ్యాను కింద నుంచి కదలకుండా చూసి, "ఏం మేడమ్, పెళ్లిచూపులా?" అన్నాడు. అడ్మిషన్ల కోసం ఒక్క గుమ్మం ఎక్కని మనిషి ఆయన.

గోపాలయ్య మొదటి గంట కొట్టక ముందే వచ్చాడు. వెనక హరిత. వచ్చిన మనిషి నన్ను పలకరించలేదు. కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూశాడు. ఆడపిల్లల బాత్రూము తలుపుకు లోపల గడియ ఉందో లేదో చూసి రమ్మని హరితను పంపాడు. ఉందని చెప్పింది. లైబ్రరీలో కళ్లెదురుగా ఉన్న వరస వదిలేసి, వంగి కింది అరలో నుంచి ఒక పుస్తకం లాగాడు. దుమ్ము లేదు. నాలుగు పేజీలు తిప్పి పెట్టేశాడు. వరండాలో పిల్లలు క్యారియర్లు కిటికీల్లో పెట్టుకుంటున్నారు, ఒకరి నోట్సు ఒకరు గబగబా ఎక్కించుకుంటున్నారు. అవన్నీ నిలబడి చూశాడు.

సమయం చూసి వాళ్లను ఆఫీసు గదిలోకి తీసుకొచ్చి నిఖితను ప్రవేశపెట్టాను. ఆ అమ్మాయి గడగడా చెప్పింది. తన మార్కులు, రాయబోయే బ్యాంకు పరీక్షలు, జిల్లా పోటీల్లో వచ్చిన బహుమతి. గోపాలయ్య చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు.

"బాగుండాది తల్లీ, బాగా చదువుకో," అని ఆమెను పంపేసి నా వైపు తిరిగాడు. "మేడమ్, ఇది పైన పరిచిన కాయ. నేనూ పరుస్తా. నాకు అడుగుది చూపించు."

"అంటే?"

"మీ కాలేజీలో అందరికంటే ఎనకబడినోడు ఎవడో వాన్ని పిలిపించు."

కేశవ దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత ఎండలో తిరిగి, ఇంత బతిమాలి, చివరికి మా పరువు సలీం చేతిలో పెట్టాల్సి వచ్చింది. వెనకబడిన వాడంటే సలీమే. బీకాం రెండో ఏడు. పాసైన పేపర్లు వెతికితే దొరుకుతాయి. కబురు పెడితే చేతులకు గ్రీజు మరకలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

వాణ్ని చూడగానే గోపాలయ్య ఉన్న సంగతి నేను మర్చిపోయాను.

"నిన్న యాడికి పోయినావు? పరీక్ష ఉండాదని చెప్పినా కదా."

"మా మామ షెడ్డుకు లారీ వచ్చినాది మేడమ్."

"లారీ వచ్చింది మొన్న. మీ అమ్మ రసూల్‌బీ చెప్పింది నాకు. నిన్న నువ్వు సినిమాకు పోయినావు."

సలీం తల గోక్కున్నాడు.

"బ్యాలెన్స్ షీటు ఒక్కటి కూచుని చేస్తే అకౌంట్సు గట్టెక్కుతావు. కూచోవు. పోయినేడు చదువు మానేసి పుట్టపర్తి లాడ్జీలో పనికి చేరితే, నేనూ మీ అమ్మా బస్సెక్కి వచ్చి పిల్చుకొచ్చింది సినిమాలకు పోయేదానికా? రేపు పొద్దున పుస్తకం పట్టుకుని నా ముందర కూచో. రాకపోతే చూడు."

గోపాలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా, ఎన్ని పేపర్లు పోయినాయి?"

"చానా పోయినాయి సార్."

"మరెందుకు వస్తాండావు?"

"రాకుంటే ఈ మేడమ్ ఇంటికి వస్తాది సార్. వచ్చినప్పుడల్లా మా అమ్మ చాయ్ పెట్టల్ల."

హరిత నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

"మానేసి పోయినోన్ని మల్లా ఎట్ల రానిచ్చినారు?"

"ఏమో సార్. రానిచ్చినారు. ఈడ ఎవరూ వద్దనల్యా," అని సలీం క్లాసుకు పోయాడు.

గోపాలయ్య బెంచీ మీద కూర్చుని కాసేపు మోకాళ్లు రుద్దుకున్నాడు.

"గోదాములో అడుగు బస్తాకు నేల చెమ్మ తగుల్తాది మేడమ్. అప్పుడప్పుడూ తిరగేసి పేర్చే మనిషి ఉండల్ల. లేకపోతే కాయ బూజు పడ్తాది. ఈ పిల్లోడు గట్టి కాయేం కాదు. అయితే బూజు పట్టల్యా. ఈడ తిరగేసేవాళ్లు ఉండారు."

నా ఉద్యోగంలో నాకు అందిన మెచ్చుకోళ్లు తక్కువ. అందినవాటిలో మంచిది ఇదే అనుకుంటాను. పొంగిపోయి వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను, మళ్లీ మనసు మారకముందే దరఖాస్తు నింపేద్దామని. పని తొందరలో మామూలుగానే అడిగాను.

"పాపకు ఇంటర్లో ఏ సబ్జెక్టు పోయిందన్నా? దాంట్లో మొదట్నుంచీ కాస్త చూసుకుంటాం."

గోపాలయ్య చెప్పడానికి నోరు తెరిచి, కూతురి వైపు చూశాడు.

"ఇంగ్లీషు గదా?"

"కాదు నాయనా."

"మరి?"

"ఎకనామిక్స్."

"ఎందుకు పోయినాది?"

హరిత చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "పరీక్ష ముందర దినం నువ్వు సరుకుకి గుంతకల్లు పోయింటివి. పొద్దంతా నేనే అంగట్లో ఉన్న్యా. చదువుకునేకి కాల్యా."

"నాకెందుకు చెప్పల్యా?"

"నువ్వు అడగల్యా నాయనా."

ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. గోపాలయ్య చెయ్యి చొక్కా జేబు దాకా పోయి ఊరికే వెనక్కి వచ్చింది. ఊళ్లో ఎవరి బస్తా అడుగున ఏముందో చెప్పగల మనిషి. నేను కంప్యూటర్ తెర వైపు తిరిగి, నింపాల్సింది ఏమీ లేకపోయినా మౌసు కదిలిస్తూ కూర్చున్నాను. జాలేసింది. తండ్రి మీదో కూతురి మీదో తేల్చుకోలేకపోయాను.

అతను బెంచీ మీద నుంచి లేచి నా వెనక వచ్చి నిలబడ్డాడు. "రాయి మేడమ్. ఏ గ్రూపు పాపా?"

"ఎకనామిక్స్."

"పోయినదాంట్లోనే?"

"దాంట్లోనే."

ఎండలో తిరిగింది నేను, మజ్జిగ తాగి మాటలు పడింది నేను, సలీంను పిలిపించి నవ్వులపాలైంది నేను. పిల్లేమో ఫ్యాను కింద కూర్చున్న కేశవ గ్రూపులో పడింది. పళ్లు కొరుక్కుంటూ ఎకనామిక్స్ అని కొట్టాను. కేశవ ఆ పూట నాకు టీ తెప్పించాడు.

పోయేముందు గోపాలయ్య మెట్ల దగ్గర ఆగి హరితతో అన్నాడు. "పరీక్షలు ఎప్పుడో ముందే చెప్పు. ఆ దినాల్లో నేను యాడికీ పోను. అంగట్లో నేనే కూచుంటా."

సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. గోపాలయ్య మళ్లీ చెప్పకుండానే వచ్చాడు. కూతురి మార్కుల కోసమే అనుకుని కంప్యూటర్లో వెతకబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు చెప్పొద్దు మేడమ్. స్టాటిస్టిక్స్‌లో తక్కువ వచ్చినాయి. రెండో యూనిట్టు పాపకు అర్థం కాల్యా. కేశవ సార్ మల్లా చెప్తానన్న్యాడంట. నాకు తెల్సు."

"మరెందుకు వచ్చినావన్నా?"

"ఆ సలీం యాడుండాడు? ఈతూరన్నా బ్యాలెన్స్ షీటు కూచుని చేసినాడా, లేదా? అడిగి పోదామని వచ్చినా."

సలీం ఆ రోజు కూడా కాలేజీకి రాలేదు. నేను సంచి భుజాన వేసుకున్నాను. ఇద్దరం కలిసి వాళ్లింటికి నడిచాం. రసూల్‌బీ మమ్మల్ని చూసి చాయ్‌కి నీళ్లు పెట్టింది.