పద్ధతైన మనిషి

కాలరు కింద మిగిలిన దారాన్ని చిన్న కత్తెరతో తుంచి, చొక్కా తిరగేసి, చంకల దగ్గర కుట్టు వేలితో తడిమి, పాసైన వాటి దొంతర మీద పెట్టింది. కనురెప్పల మీద దూది నూగు పేరుకుంది. నాలుక పిడచగట్టుకుపోతోంది. అయినా మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా ఆమె నీళ్ళు ముట్టదు.

ఆ చొక్కాల ఫ్యాక్టరీ హాల్లో నలభై మంది ఆడవాళ్ళకి ఒకటే బిళ్ళ. ఇత్తడిది, గోడ మేకుకి వేలాడుతుంది. అది చేతిలో ఉంటేనే మరుగుదొడ్డికి వెళ్ళనిస్తారు. దాన్ని అడిగే అవసరమే రాకుండా ఇరవై రెండేళ్ళు దాహాన్ని అణుచుకుని నెట్టుకొచ్చింది. మూత్రపిండంలో రాయి ఉందని డాక్టరు చెప్పిన రోజున కూడా కారణం బయటపెట్టలేదు. చెప్పడం పద్ధతి కాదనుకుంది. హాల్లో అందరూ ఆమెని పద్ధతక్క అంటారు.

ఆ మాట ఆమెకి ఉగ్గుపాలతో పట్టారు. గట్టిగా నవ్వితే తల్లి "పద్ధతి కాదు" అనేది. మొగుడు చెయ్యి చేసుకున్నప్పుడల్లా నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. పక్కింటికి వినబడటం పద్ధతి కాదు. "మా కోడలు పద్ధతైన మనిషి" అని అత్తగారు పదిమందిలో మెచ్చుకుంది. కొట్టిన కొడుకుని మాత్రం పద్ధతి ఏదని ఎవరూ అడగలేదు.

ఇవాళ సరుకు వెళ్ళాలి. సూపర్‌వైజరు పొద్దున్నే బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. ఎదుటి బల్ల దగ్గర గుండీలు కుట్టే పిల్లకి ఏడో నెల. మూడుసార్లు లేచి అడిగింది.

"ఒక్క నిమిషం సార్. పరిగెత్తి వచ్చేస్తా."

"పరిగెడతావా, ఆ పొట్టతోనా? పద్ధతీ పాడూ లేదా? కూర్చో."

నాలుగోసారి లేచి, లేచినచోటే ఆగిపోయింది. కాళ్ళ దగ్గర బుట్టలో ఉన్న చొక్కాలు తడిశాయి. ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. మిషన్లు ఆగలేదు. ఎవరో కిసుక్కుమని, వెంటనే నాలుక్కరుచుకున్నారు.

పావుగంటలో కాగితం తయారైంది. కావాలనే సరుకు పాడుచేసింది, పనిలోంచి తీసెయ్యాలి అని దాని సారాంశం. కింద సాక్షి సంతకానికి చోటుంది.

"ఇక్కడొక్క సంతకం పెట్టక్కా. నీ మాటంటే మేనేజరుగారికి గురి. పద్ధతైన మనిషివి కదా" అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. కడుపులోంచి వేడి ఎగదన్నింది. ఇన్నేళ్ళూ నగలా మెళ్ళో వేసుకు తిరిగిన మాట పలుపుతాడని ఇప్పుడు తెలిసింది.

"పద్ధతంటే ఏంటి సారూ?"

"ఇదేం ప్రశ్న? చెప్పినట్టు వినడం."

"కడుపుతో ఉన్న పిల్లని కట్టేసినట్టు కూర్చోబెట్టావే, అది నేర్పింది ఎవరు? మీ అమ్మా?"

"మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే నోరు మూసుకున్నా ఇన్నాళ్ళూ."

సాక్షి అన్నచోట పెన్ను నొక్కి రాసింది: 'బిళ్ళ ఈయన జేబులో ఉంది. మూడుసార్లు అడిగింది, ఇవ్వలేదు. నేను చూశాను. చూసి కూడా మాట్లాడలేదు.' సంతకం పెట్టి, అతను లాక్కునేలోపు తనే మేనేజరు గదిలోకి పట్టుకెళ్ళింది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. ఆ నాలుగు మాటలతో కాగితం పైకి పంపితే తన పీకకే చుట్టుకుంటుంది. చింపేశాడు. గుండీల పిల్లని పనిలో ఉండమన్నాడు.

"నువ్వు మాత్రం రేపట్నించి రావద్దు" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

"రావద్దనే నేనూ అనుకున్నా" అంది.

హాల్లోకి వచ్చి, మూల ఉన్న నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి, అందరూ చూస్తుండగా ఒక గ్లాసు తాగింది. ఇంకొకటి. ఇంకొకటి. గడ్డం మీంచి నీళ్ళు కారాయి. మంట చల్లారలేదు. నాలుగో గ్లాసు తాగుతూనే తన బల్ల దగ్గరికి నడిచి సంచి భుజానికి తగిలించుకుంది.

గుండీల పిల్ల చెయ్యి పట్టుకుంది. "నా మూలానే కదక్కా."

"నీ మూలాన కాదే. నువ్వు నీళ్ళు తాగు."

ఆమె వెళ్ళిపోయింది. బల్ల మీద, పాసైన చొక్కాల దొంతరపై, ఖాళీ స్టీలు గ్లాసు మిగిలింది. దాని అడుగునుంచి తడి, పై చొక్కా గుండెల మీద గుండ్రంగా పాకుతోంది. దాన్ని తియ్యడానికి ఎవరూ లేవలేదు.