కుట్టుమిషన్ చప్పుడుకు అనుమతి

న్యాయశాఖ ముద్రణ విభాగంలో ఒక ప్రూఫ్ రీడరు ఉండేది. కామా తప్పు చోట పడితే ఆమెకు అన్నం సహించేది కాదు. అందుకని ఆఫీసంతా ఆమెను కామా అనే పిలిచేది.

చట్టాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేశామని డైరెక్టరు గారు ప్రతి సభలోనూ చెప్పేవారు. పెట్టినమాట నిజమే, వంకరగా తీసిన ఫొటోలుగా. కొన్ని పేజీల్లో చట్టం కంటే పేజీ పట్టుకున్నవారి బొటనవేలే స్పష్టంగా కనిపించేది.

చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి సెక్షన్‌కూ సొంత చిరునామా ఉండాలి. దాన్ని ఏ చట్టం సవరించిందో, ఏది రద్దు చేసిందో లింకులతో కలపాలి. మొత్తం ఎవరైనా తమ కంప్యూటర్లోకి ఉచితంగా దింపుకోవచ్చు. ఆ వారమే అందరికీ నడుంనొప్పులు వచ్చాయి కాబట్టి పని కామా నెత్తిన పడింది.

రెండేళ్ళు పట్టింది. అంతా జనానికి అందుబాటులోకి వచ్చిన వారానికి, గృహ యంత్రాల చట్టం సరిచూస్తూ ఆమె ఆగిపోయింది. ఆ చట్టం ఆమెకు బాగా తెలుసు. ఆమె అక్క తన ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చి, మిషన్ తొక్కించి, కచేరీ వింటున్నట్టు కళ్ళు మూసుకుని విని, చప్పుడు హద్దులోనే ఉందని ధ్రువపత్రం ఇస్తాడు. అది లేనిదే మిషన్ తొక్కకూడదు. ఒక ఏడాది ఆయన రెండు నెలలు ఆలస్యం చేస్తే, స్కూలు యూనిఫాంలన్నీ వేరే దర్జీకి పోయాయి.

తెరమీద ఆ చట్టం పక్కన ఎర్రగా ‘రద్దయింది’ అని ఉంది. లింకు నొక్కింది. చేపల రేవుల చట్టం చివరి అనుబంధంలో ఒకే ఒక్క వాక్యం దాని ప్రాణం తీసింది. ఇరవై రెండేళ్ళ క్రితం.

వెంటనే అక్కకు ఫోను చేసింది.

“ఇరవై రెండేళ్ళా? ఏటా ఆ మనిషికి ఫ్యాను కింద కుర్చీ వేశానే!” అంది అక్క.

డైరెక్టరు గారు మాత్రం ప్రశాంతంగా విన్నారు. “ఆ ఒక్క లింకూ తీసెయ్యమ్మా.”

“తీసేస్తే చచ్చిన చట్టం లేచొస్తుందా సార్? పైగా వారం నుంచి లాయర్లు, పత్రికలవాళ్ళు అంతా దింపుకున్నారు.”

“ఎవరిమ్మన్నారు వాళ్ళకి?”

“మీరే సార్. ఉత్తర్వు అమలు చెయ్యమని మాకు పంపిన కాగితం మీద సంతకం మీదే.”

మర్నాడే ఇన్‌స్పెక్టరు అక్క ఇంటికి వచ్చాడు. అక్క ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది.

“నెట్‌లో కనపడిందల్లా నమ్మేస్తామా అమ్మా?”

“ఇది మీ ప్రభుత్వం వాళ్ళదేనండి. ఆ ఎర్రక్షరాలు నొక్కండి.”

నొక్కాడు. ఉద్యోగంలో చేరాక ఆయన చట్టం చదవడం అదే మొదటిసారి. చదివి నిదానంగా కుర్చీలో కూలబడ్డాడు.

“నా ఉద్యోగం కూడా ఈ చట్టం కిందదేనమ్మా,” అన్నాడు.

పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న తిట్లన్నీ మింగేసి అక్క ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన వెళ్ళాక తలుపులు బార్లా తెరిచి మిషన్ తొక్కింది.

ప్రభుత్వం ఆలస్యం చెయ్యలేదు. ఈ పొరపాటు మీద కమిటీ వేసి, ఇన్‌స్పెక్టరును దానికి కార్యదర్శిని చేసింది. పారదర్శకతకు గాను డైరెక్టరు గారికి శాలువా కప్పింది. కామాను స్టేషనరీ గోడౌనుకు బదిలీ చేసింది.

కోపం రాలేదంటే అబద్ధం. అయినా బదిలీ కాగితంలో ఉదహరించిన నియమాన్ని, తను కలిపిన లింకుల్లోనే వెతికి చూసింది.

నిక్షేపంగా అమల్లో ఉంది. ఒక్క సవరణ కూడా లేదు.